రెండోసారి పులిహోర

డెట్రాయిట్ ఎయిర్‌పోర్టులో విమానం ఆలస్యమైతే, ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర డబ్బా గేటు దగ్గరే తెరిచాం. మా పదిహేనేళ్ల అమ్మాయి రెండోసారి పెట్టుకోబోయింది. దానికి ఇన్సులిన్ రెసిస్టెన్స్ ఉందని అంతకుముందు వారమే డాక్టరు చెప్పాడు. అప్పటికి రెండుసార్లు పెట్టుకు తిన్న నేను, "సిగ్గు లేదూ? ఇన్సులిన్ రెసిస్టెన్స్ అని డాక్టరు చెప్పలేదూ?" అంటూ దాని చెంప పగలగొట్టాను. డబ్బా ఎగిరి అన్నమంతా కార్పెట్ మీద చిందింది.

మళ్లీ ఎత్తిన చేతిని వెనకనుంచి ఎవరో పట్టుకుని మెలితిప్పారు. చూస్తే, స్నీకర్లు వేసుకున్న లావుపాటి తెలుగావిడ.

"కొడితే తగ్గుద్దా? కొవ్వు ఊరికే కూర్చోదండీ, అదీ హార్మోన్లు వదులుద్ది. వాటివల్లే ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యదు. పైగా భయపడితే ఇంకో హార్మోన్ పుట్టి షుగర్ని ఇంకా పెంచుద్ది. దెబ్బకొట్టి మీరు చేసిన వైద్యం అదీ!" అంది. పట్టు వదలకుండానే నా పొట్ట వైపు చూసింది.

"అక్కడున్నదీ ఆ కొవ్వే. మరి మిమ్మల్నెవరు కొట్టాలి?"



ఆమె గోళ్లు దిగిన గాట్లు వారంలో మానిపోయాయి. మళ్లీ ఎప్పుడూ దానిమీద చెయ్యి చేసుకోలేదు. అయినా మా అమ్మాయి ఇప్పటికీ ముద్ద నోట్లో పెట్టుకునే ముందు ఒక్కసారి నా కుడిచేతి వైపు చూస్తుంది.