మిరపతోటకు మళ్లిన నీళ్లు

ఆ ఏడు వానలు సగంలోనే ఆగిపోయాయి. వరంగల్‌లో మాది విత్తనాల దుకాణం. కార్తీకం దాటిందంటే యాసంగి వరి విత్తనాల కోసం వచ్చే రైతులతో గుమ్మం నిండిపోయేది. ఆ ఏడు వచ్చినవాళ్లు బస్తాలను చేత్తో తడిమి, వాన సంగతి అడిగి, ఊరికే వెళ్లిపోయేవారు. ఫోన్‌లో చూస్తే రోజూ ఒకటే కబురు. చలి పెరుగుతుంది, వాన లేదు.

ఆ రోజుల్లోనే హసన్‌పర్తి అవతల ఉండే మా చిన్నమ్మ ఫోన్ చేసింది. చిన్నాయన పోయాక రెండెకరాలూ ఆమే చేసుకుంటోంది.

"నారు పోసిన కొడుకా. బోరేమో గంట పోస్తాంది, ఆగిపోతాంది. జర వచ్చి చూసిపో."

మర్నాడు పొద్దున్నే బండి మీద వెళ్లాను. మంచు ఇంకా విడలేదు. దగ్గరి దారి అని చిన్నమ్మ నన్ను ఊరి చెరువులోంచి తీసుకుపోయింది. చిన్నప్పుడు కట్ట మీద నిలబడి చూసిన నీళ్ల అడుగున ఇప్పుడు మేమిద్దరం నడుస్తున్నాం. పగుళ్లిచ్చిన మట్టిలో గుల్లలు కాళ్ల కింద చిట్లుతున్నాయి. ముందు నడుస్తున్న ఆమె కొంగు మంచులో తేలుతున్నట్టుంది. ఒకచోట ఆగింది.

"మీ చిన్నాయన ఇక్కడనే ఈత కొట్టేటోడు" అంది తల పైకెత్తి, నీళ్లింకా అక్కడే ఉన్నట్టు.

పొలంలో నారుమడి లేత పచ్చగా మెరుస్తోంది. గట్టుకు అవతల పక్క రైతు మిరపతోట. పూత మీదున్న చెట్లు ఆకులు వేలాడేశాయి. అతని బోరు నాలుగు రోజుల కిందటే పూర్తిగా ఎండిపోయిందట. గట్టు జరిపాడన్న తగాదాతో అతనికీ చిన్నమ్మకూ ఏళ్లుగా మాటల్లేవు.

మోటరు గంట పోసి ఆగింది. మళ్లీ నీళ్లు ఊరేదాకా గట్టు పక్కన కూర్చున్నాం. ఎండ వెచ్చగా వీపు మీద పడుతుంటే నాకు కునుకు పట్టింది. నిద్రలో చెరువు నిండుగా ఉంది, నేను అడుగునే నడుస్తున్నాను, ఊపిరికి కూడా ఏ ఇబ్బందీ లేదు. మెలకువ వచ్చేసరికి చిన్నమ్మ గట్టు మీద నిలబడి మిరపతోట వైపు చూస్తోంది. అవతల ఆ రైతు చెట్ల మధ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"నాటేస్తే ఈ నీళ్లు కోతల దాకా అందుతయా?" అని నన్ను అడిగింది.

విత్తనాలు అమ్మేవాణ్ని. అందుతాయని చెప్పడానికే అలవాటైన నోరు నాది.

"అందవు చిన్నమ్మా. ఎండకాలం దాకా వానలు లేవంటాండ్రు."

ఆమె కాసేపు నారుమడి చుట్టూ తిరిగి వచ్చింది. తర్వాత గట్టు అవతలికి చూసి అతన్ని పిలిచింది. "ఓ తమ్మీ."

అతను తలెత్తి, ఇంకెవరినో పిలిచిందేమోనని వెనక్కి చూశాడు.

"నిన్నే. పైపు తెచ్చి మా బోరుకు తగిలించుకో. చెట్లు సస్తానయి."

అతను లేచి గట్టు దాకా వచ్చాడు. "మరి నీ నారు, అక్కా?"

"నారుదేమున్నది, గొర్లు మేస్తయి. నీది పూతకొచ్చిన తోట."

పైపు కొస నేను పట్టుకున్నాను. తగాదా పడ్డ గట్టు మీదుగానే వేశాం. మధ్యాహ్నం ఊరిన నీళ్లు తోటలోకి వెళ్తుంటే ఎండిన సాళ్లు ఒక్కొక్కటే నల్లబడటం చూస్తూ ముగ్గురం నిలబడ్డాం.

"మనసుల కలుక్కుమంటాంది రా" అంది చిన్నమ్మ, ఇంటికి తిరిగి వస్తూ. నారుమడి వైపు మాత్రం చూడలేదు.

తోట మొత్తం దక్కలేదు. గట్టు పక్కనున్న సగం కాసింది, మిగతా సగం ఎండిపోయింది. చిన్నమ్మ పొలం ఆ యాసంగి బీడుగానే ఉంది. మిరపకాయలు ఏరడానికి అతనికి మనుషులు దొరక్కపోతే ఆమే వెళ్లింది. ఆ రోజుల్లోనే ఒకసారి అటు వెళ్తే, ఇద్దరూ చెరో సాలులో వంగి మాట్లాడుకుంటూ కనిపించారు. ఏం మాటలో దూరానికి వినపడలేదు. పిలవకుండా కాసేపు అలాగే నిలబడిపోయాను.