నాలుగో నంబరు మానిటర్

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాల వెనక ఒక కాంప్లెక్సు సెల్లారులో ఉదయలక్ష్మికి ఒక బల్ల ఉంది. బల్ల మీద సోల్డరింగ్ ఇనుము, మీటరు, టార్చిలైటు. వెనక గోడకు ఫ్రేము కట్టిన ఐటీఐ సర్టిఫికెట్. నల్గొండ నుంచి వచ్చాక ఆమె టీవీలు బిగించే ఫ్యాక్టరీలో పదకొండేళ్లు టంకం వేసింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ పనితనాన్నే ఈ సెల్లారుకు తెచ్చుకుంది. పాత ఫ్లాట్ మానిటర్ తెర నల్లబడిందంటే చుట్టుపక్కల దుకాణాల్లో సగం "ప్యానెల్ పోయింది, కొత్తది కొనండి" అని తేల్చేస్తాయి. ఆమె ముందు టార్చి అందుకుంటుంది.

శేఖర్ ఆమె దగ్గరికి వచ్చేది టార్చి కోసం కాదు, గోడ మీది సర్టిఫికెట్ కోసం. ప్రభుత్వ హాస్టళ్లకూ ఆఫీసులకూ కంప్యూటర్లు సరఫరా చేసే కాంట్రాక్టరు అతను. ప్రభుత్వ ఆస్తిని పారేయాలంటే అది పనికిరాదని సాంకేతిక అర్హత ఉన్న మనిషి ఒకరు పరిశీలించి రాసివ్వాలి. పరిశీలన అన్న మాటను అందరూ కలిసి ఏనాడో మింగేశారు. మిగిలింది సంతకం.

ఆ సోమవారం మధ్యాహ్నం అతను బల్ల మీద కాగితం పరిచి, పెన్ను మూత కూడా తీసి పెట్టాడు.

"అక్కా, పన్నెండు మానిటర్లు. ఎల్‌బీ నగర్ ఆడపిల్లల హాస్టల్‌వి. గీడ ఒక్క సంతకం కొట్టు, పోతా."

"మానిటర్లేవి?"

"గవన్నీ ఎవరు మోసుకొస్తరు? అన్నీ సచ్చినయే. బటన్ ఒత్తితే నల్లగుంటయి. సచ్చినోన్ని చూడనీకి డాక్టర్ ఎందుకక్కా?"

"సచ్చిండని చెప్పాల్సింది డాక్టరే గద."

శేఖర్ నవ్వాడు. "నాలుగేండ్ల కింద గిట్లనే పెట్టినవ్ గద? అన్నం తినుకుంట పెట్టినవ్. అప్పుడు డాక్టర్‌వు కావా?"

ఉదయలక్ష్మికి నోట్లో తుప్పు రుచి తగిలింది. అతను అన్నది అబద్ధమైతే బాగుండేది. నాలుగేళ్ల కిందట వేరే హాస్టలు తాలూకు ఇరవై మానిటర్లకు, ఒక్కదాన్నీ చూడకుండా, చెయ్యి కూడా సరిగా కడుక్కోకుండా ఆమె సంతకం పెట్టింది. కాగితం మూలకు పప్పు మరక కూడా అంటింది. మూడు వారాల తర్వాత ఒక సెకండ్‌హ్యాండ్ వ్యాపారి తొమ్మిది మానిటర్లు తెచ్చి ఇదే బల్ల మీద దించాడు. వెనక రాసిన ఆస్తి నంబర్లను బ్లేడుతో గీకేశారు. బ్లేడు సరిగా తగలని ఒకదాని మీద మాత్రం ఆ హాస్టలు పేరు సగం మిగిలిపోయింది. తొమ్మిదింటి చట్రాలకూ కుడి మూలన ఎండిన పసుపు, దాని మీద మూడు కుంకుమ బొట్లు. దసరాకు ఆయుధపూజ చేసి పెట్టినవి. ప్రభుత్వ ముద్రను జంకు లేకుండా చెరిపిన చెయ్యి, ఆ బొట్టు తుడవడానికి మాత్రం భయపడింది. దొంగల్లో భక్తికి లోటు ఉండదు.

ఆ తొమ్మిదింటినీ బాగుచేసింది ఆమే. ఏ చెయ్యి అవి చచ్చాయని రాసిందో ఆ చెయ్యే వాటికి ప్రాణం పోసింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ప్రతి దసరాకూ తన సోల్డరింగ్ ఇనుముకు బొట్టు పెట్టేటప్పుడు మాత్రం ఆ తొమ్మిది చట్రాలు గుర్తొచ్చేవి.

ఆమె పెన్నుకు మూత పెట్టింది. కాగితం మడిచి సంచిలో వేసుకుంది. టార్చి, ఇనుము, విడిభాగాల డబ్బా సర్దుకుంది.

"ఏంది, ఏడికి?"

"ఎల్‌బీ నగర్. నువ్వు బండి మీద రా. నేను మెట్రోల పోత."

హాస్టలు వార్డెన్ కృష్ణకుమారి గుంటూరు వైపు మనిషి. మర్యాద తెలిసినావిడ. గుమ్మంలోనే మంచినీళ్లు ఇచ్చింది.

"అయ్యో, మీరే వచ్చేశారా? శేఖర్ గారు సంతకం చేయించుకొస్తానన్నారు కదండీ. ఎండలో ఎందుకమ్మా ఈ శ్రమ?"

"చూడనీకి వచ్చిన మేడం."

"చూడ్డానికేముందండీ, అన్నీ నల్లగా ఉంటాయి!"

కంప్యూటర్ గదిలో పదమూడు బల్లలు, పదమూడు కీబోర్డులు, తెర వెలిగే మానిటర్ ఒక్కటి. గోడకు పిల్లలు చేత్తో రాసి అంటించిన పట్టిక: ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు. టైపింగ్ పరీక్షకు ఇంకా మూడు వారాలే ఉంది. మిగతా బల్లల దగ్గర పిల్లలు తెర లేని కీబోర్డుల మీద వేళ్లు ఆడించి సాధన చేస్తారని వార్డెన్ చెప్పింది. అదేదో పిల్లల సుగుణమన్నట్టు, మురిపెంగా చెప్పింది.

జాబితాలోని పన్నెండు మానిటర్లూ సామాన్ల గదిలో బియ్యం బస్తాల మీద, చింతపండు వాసనలో, పురుగుల మధ్య పేర్చి ఉన్నాయి. చట్రాల మీద పసుపు, కుంకుమ.

"ప్రతి దసరాకూ నేనే పెడతానండీ, ఒక్క ఏడూ తప్పలేదు," అంది కృష్ణకుమారి.

ఉదయలక్ష్మి ఒక మానిటర్‌ను వెనక్కి తిప్పి మరలు చూసింది. ఒక్క ఏడూ బొట్టు తప్పలేదు. ఒక్క ఏడూ ఒక్క మరా విప్పలేదు.

వాటిని ఒక్కొక్కటే కంప్యూటర్ గదికి మోయించి, కంప్యూటరుకు తగిలించి చూసింది. నాలుగో నంబరు తెర రెండు సెకన్లు వెలిగి, టప్పున నల్లబడింది.

"చూశారా, పోయింది," అంది వార్డెన్.

"పోలే మేడం. బొమ్మ ఉన్నది, బొమ్మ వెనక దీపం ఆరింది. కిటికీ మూయుండ్రి."

చీకట్లో ఆమె టార్చిని తెరకు దగ్గరగా, ఏటవాలుగా పట్టింది. బావి అడుగున నీళ్లు కనిపించినట్టు, నల్లటి అద్దం లోతున మసక మసకగా ఒక పచ్చిక కొండ, దాని పక్కన గడియారం అంకెలు తేలాయి.

"అమ్మో, అంకెలున్నాయే! ఇన్నాళ్లూ ఉన్నాయా ఇవి?"

"ఇన్నాళ్లూ ఉన్నయి."

గోడకు ఆనుకుని నిలబడ్డ శేఖర్ ఫోను చూసుకుంటున్నాడు.

పన్నెండూ పరీక్షించేసరికి గంటన్నర పట్టింది. రెండింట్లో వెలుగు ఎర్రబారి ఆరిపోయింది. అవి వెనక దీపపు ట్యూబులే కాలినవి. ఒకదాని అద్దం పగిలింది. మిగతా తొమ్మిదింట్లో టార్చి వేస్తే బొమ్మ కనబడింది. అప్పుడామె నాలుగో నంబరు కరెంటు తీసి, కాసేపు ఆగి, మీటరుతో లోపలి కరెంటు దిగిందని రూఢి చేసుకుని, వెనక డొప్ప విప్పింది. పవర్ బోర్డు మీద రెండు కండెన్సర్లు నెత్తిన పూరీల్లా పొంగి ఉన్నాయి. వాటిని ఊడదీసి, డబ్బాలోంచి కొత్తవి ఏరి, మైనస్ గుర్తు ఏ వైపుందో రెండుసార్లు చూసి టంకం వేసింది. తెర వెలిగింది. రెండు సెకన్లు గడిచాయి. పది గడిచాయి. వెలుగుతూనే ఉంది.

శేఖర్ ఆమెను వరండాలోకి పిలిచాడు.

"అక్కా, జర సోచాయించు. కొత్తవాటి ఆర్డర్ అయిపోయింది. పైనోళ్లు అందరు ఖుషీగున్నరు. నువ్వొక్కదానివి అడ్డం పడితే ఎట్ల?"

"కొత్తవి తెచ్చుకో, ఎవరొద్దన్నరు? బతికున్నదాన్ని సచ్చిందని నాతోని రాయియ్యకు."

"రేపటి సంది నా పని నీకు బంద్. నా ఒక్కనిదే కాదు, లైన్ల ఎవ్వడు ఇయ్యడు."

"బంద్ చెయ్యి. పప్పు మరక కాగితం మీదికెల్లి పోయిందేమో గని, చేతి మీదికెల్లి ఇంక పోలే."

అతనికి అర్థం కాలేదు. అర్థం చేసుకోవాల్సిన అవసరం అతనికి ఏనాడూ కలగలేదు.

ఆమె లోపలికి వచ్చి నాలుగో నంబరు ముందు కూర్చుంది. రెండు వేళ్లతో, నిదానంగా టైపు చేసింది. ఆఫీసు గది ప్రింటరులో రెండు ప్రతులు తీయించి, సంతకం పెట్టి, వార్డెన్ ముందు ఉంచింది. అందులో ఇలా ఉంది:

"జాబితాలోని పన్నెండు మానిటర్లను నేను స్వయంగా పరిశీలించాను. మూడు పనికిరావు. తొమ్మిది పనికొస్తాయి, వాటిలో లోపం తెర వెనక దీపానికి కరెంటు అందకపోవడం మాత్రమే. ఈ పత్రం జాబితాలో పనికిరానిదిగా చూపిన నాలుగో నంబరు మానిటర్ మీద టైపు చేయబడింది. నాలుగేళ్ల కిందట మరొక హాస్టలుకు చెందిన ఇరవై మానిటర్లు పనికిరావని పరిశీలించకుండా సంతకం చేశాను. వాటిలో తొమ్మిదింటిని తర్వాత నేనే బాగుచేశాను. ఆ సంతకం తప్పు."

కృష్ణకుమారి రెండుసార్లు చదివింది. ఆమె మొహంలో పాపభీతి లేదు, రిటైర్మెంటు ముందు చిక్కుల్లో పడతానన్న భయం ఉంది.

"ఈ చివరి మాటలు ఎందుకమ్మా? మీ మీదికే వస్తుంది కదా."

"నా మీదికే రావాలె మేడం. ఒక కాపీ మీద మీకు ముట్టినట్టు ముద్ర ఎయ్యుండ్రి, ఇన్‌వార్డ్ నంబర్ రాయుండ్రి."

"ఇప్పుడా? స్టాంప్ ప్యాడ్ ఎండిపోయిందండీ. రేపు పంపిస్తాను లెండి."

ఉదయలక్ష్మి కుర్చీలోంచి లేవలేదు. గుమ్మంలో తనకిచ్చిన మంచినీళ్ల గ్లాసు తెప్పించింది. ఎండిన ప్యాడ్ మూత తీసి, దాని మీద నాలుగు చుక్కలు వేసి, వేలితో అద్ది, వార్డెన్ ముందుకు జరిపింది.

ముద్ర పలచగా పడింది. పక్కన వార్డెన్ రాసిన నంబరు మాత్రం చదవడానికి వచ్చింది.