నిస్సి గ్రహానికి పేరు పెట్టింది నేను కాదు

ఇన్నేళ్లూ ఒక అబద్ధాన్ని మోసుకు తిరిగాను. బరువుగా ఉందని ఎవరితోనూ అనలేదు, ఎందుకంటే నాకు పేరు తెచ్చింది ఆ అబద్ధమే. ఈరోజు మీకు చెప్పేసి తేలికపడదామని కూర్చున్నాను. మీరు తిట్టుకున్నా సరే.

డెబ్బైల్లో తిరువూరులో మేం ఎనిమిదో తరగతి. నా పక్కన రూతు కూర్చునేది, టీచరమ్మగారి అమ్మాయి. గళ్ల కాగితం మీద గ్రహాలు గీసి, చింతగింజల్ని రాకెట్లనుకుని ఆడేవాళ్లం. ఆట రూతుదే, రూల్సూ తనవే. పేరు పెట్టిన గ్రహం జోలికి ఎవరూ వెళ్లకూడదు.

ఆ ఏడు రూతుకి చెల్లి పుట్టి, పదకొండు రోజులకే పోయింది. వారం తర్వాత బడికొచ్చిన రూతు, కాగితం మూలనున్న బుల్లి గ్రహం కింద 'నిస్సి' అని రాసింది.

"ఇదేం పేరే?"

"మా చెల్లికి అమ్మ అనుకున్న పేరు. ఇంట్లో ఎవరూ ఎత్తట్లేదు. నువ్వూ ఎవరికీ చెప్పొద్దు."

"చెప్పనే, ఒట్టు."

చాలా ఏళ్లు చెప్పలేదు కూడా. తర్వాత హైదరాబాదులో వీడియో గేములు తయారుచేసే కంపెనీలో చేరాను. మొదటి గేములో గ్రహానికి పేరు కావాలన్నారు. పదిమంది పది పేర్లు చెప్పారు, ఏదీ అతకలేదు. నా నోట 'నిస్సి' వచ్చేసింది. పొట్టిగా, కొత్తగా ఉందని అందరూ మెచ్చుకున్నారు. అప్పుడైనా వద్దనొచ్చు కదా? అనలేదు. పైగా ఆటలో మొట్టమొదట పేల్చాల్సిన గ్రహం అదే.

పేరెలా తట్టిందని పత్రికవాళ్లు అడిగితే, ఊరికే తోచిందన్నాను. మర్చిపోయానా? లేదు. ఆ గళ్ల కాగితం కళ్లముందే ఉంది. ఒక తల్లి పైకి అనలేక గుండెల్లో దాచుకున్న పేరుని పట్టుకుని, ఊరూరా పిల్లలు "నిస్సిని లేపేశా" అని కేకలేస్తుంటే, లోపల సిగ్గుతో చచ్చిపోతూ పైకి నవ్వుతూ కూర్చున్నాను. మెప్పు పోతుందని భయం, అంతే.

పోయినవారం విస్సన్నపేటలో రూతు ఇంటికి వెళ్లి అంతా చెప్పాను. అంతా విని, రూతు కాఫీ ఇచ్చి, చివరికి అంది: "మావాడు ఆ ఆట ఆడేవాడు. ఆ పేరు వినపడితే అమ్మ లేచి పెరట్లోకి వెళ్లిపోయేది."

అంటే రూతుకి ఎప్పుడో తెలుసు. వాళ్లమ్మ ఇప్పుడు లేరు. క్షమించానని రూతు అనలేదు, నేనూ అడగలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎన్నేళ్లకో ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. సిగ్గుపడాల్సిన మాటే. కానీ నిజం.