ముగ్గులో కలిసిపోయిన రాతిపొడి

తెలియని చోట తెలియదని చెప్పడం నిజాయితీయా, ఎదుటివాడి కష్టం నుంచి తప్పుకోవడమా? ముప్పై ఏళ్లు దాటింది ఈ ప్రశ్న నా వెంటపడి. అడగదగిన ఒక్క మనిషి, మా భూగర్భశాస్త్రం మాస్టారు, పోయిన మంగళవారం కన్నుమూశారు. ఆయన కూతురు కార్డు రాసింది.

పందొమ్మిది వందల యాభైల చివర, రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులు. మార్కాపురం దగ్గర మా మెట్టచేలో, ఎండిన బావి అడుగున నాయన చేతిబోరు దించుతున్నాడు. విశ్వవిద్యాలయంలోని పరిశోధన సంస్థకు ఎవరు రాసినా జవాబిస్తారని బడిపంతులు చెబితే ఉత్తరం రాయించాడు. అక్కణ్నుంచి మాస్టారు వచ్చి చూశారు. ఇకమీదట అడుగు అడుగుకూ వచ్చే రాతిపొడిని ఒక్కో కొబ్బరిచిప్పలో పోసి వరసగా పెట్టమన్నారు. నెలకు మళ్లీ వస్తానన్నారు.

ఆయన వచ్చే రోజు పొద్దున్నే, చిప్పల్లో ఆరి తెల్లబడిన పొడినంతా చేటలోకి ఒంపి వాకిట్లో ముగ్గు వేశాను. నాకు పదేళ్లు.

ఖాళీ చిప్పలు చూసి మాస్టారు ముగ్గు దగ్గరే ఆగిపోయారు. నాయన నా మీదికి చెయ్యెత్తాడు. అవ్వ అడ్డమొచ్చి మాస్టారుతో అంది. "ఇంటికొచ్చే మనిషికి ముగ్గెయ్యకుండ ఉంటామా నాయనా? మీ ఊర్లో వెయ్యరా ఏంది?"

మాస్టారు నవ్వేశారు. "వేస్తారవ్వా. పొడి ఎందుకో చెప్పకపోవడం నా తప్పు."

నాయన నవ్వలేదు. "ఒక ఎద్దును అమ్మినా సార్. రెండోదాన్నీ అమ్మి ఇంకా దించాల్నా, ఆపాల్నా?"

మాస్టారు ముగ్గు పక్కన గొంతుక్కూర్చుని చిటికెడు పొడి వేళ్లతో నలిపారు. "తెల్లరాయి తగిలింది. దాని పగుళ్లలో నీళ్లుండొచ్చు. అది అడుగున తగిలి ఉంటే దించమనేవాణ్ని. పైనే తగిలి దాటిపోయి ఉంటే ఆపమనేవాణ్ని."

పైకి వచ్చినప్పుడు తడిపొడి అంతా ఒకటే బూడిద రంగు. తెల్లరాయి పొడి ఏ చిప్పలోదో ఎవరికీ గుర్తులేదు.

"నాకు తెలియదు" అన్నారు.

"అంత చదివినోళ్లు అట్లంటే ఎట్ల సార్?"

"యూనివర్సిటీ నుంచి వచ్చినవాణ్ని. నేను ఊహించి చెప్పినా నువ్వు నిజమనుకుంటావు."

నాయన బోరు ఆపేశాడు. ఎద్దు మిగిలింది. చేను మెట్టగానే ఉండిపోయింది. బస్సెక్కేముందు మాస్టారు నాతో అన్నది ఒక్కటే: "ఈసారి చిప్ప మీద అంకె వెయ్యి, తర్వాత ముగ్గు వెయ్యి."

ఆ మాట పట్టుకునే ఆయన దగ్గర చదువుకున్నాను. తువ్వాలులో రాయి మూటగట్టుకుని ఎవరొచ్చినా ఆయన పాఠం ఆపేవారు. గిద్దలూరు నుంచి ఒకాయన కాకిబంగారం తెచ్చి బంగారమనుకుంటే, కుర్చీ వేసి కూర్చోబెట్టి గంటసేపు వివరించారు. రైతుల ఉత్తరాలకు జవాబులు తెలుగులో రాసి, "మీ అవ్వకు అర్థమవుతుందా?" అని నన్ను అడిగేవారు. ఇప్పుడు అదే సంస్థలో నేను రాసే ప్రతి జవాబునూ అవ్వకు వినిపిస్తున్నట్టే చదువుకుంటాను. ఈ అలవాటు ఆయన పెట్టిన భిక్ష.

ఉద్యోగంలో చేరాక ఒకసారి అడిగాను, ఆ రోజు నిజంగా ఏమీ తోచలేదా అని.

"తోచింది" అన్నారు. ఏమిటో చెప్పలేదు. నేను రెట్టించలేదు.

బోరు చూసిన ఆ రోజు మా ఇంటి నుంచి వెళ్తూ ఆయన చెప్పులు చేతబట్టుకుని, ముగ్గు తొక్కకుండా గోడవారగా నడిచారు. వేళ్లకంటిన తెల్లపొడి దులుపుకోలేదు. ఆ తోచినదేదో నాయనకు చెప్పి ఉండాల్సిందా, వద్దా? నేనింకా తేల్చుకోలేకపోతున్నాను.