పోశన్న నాలుక

ఖతార్‌లో మేముండే బిల్డింగ్‌కి నాతూర్, అంటే కాపలా నుంచి రిపేర్ల దాకా అన్నీ చూసుకునే మనిషి, పోశన్న. ఆ రోజు ఏసీ ఫిల్టర్ కడగడానికి వచ్చి వంటగది గుమ్మంలోనే ఆగిపోయాడు.

"మేడం, ఇంట్ల కల్లెక్కడిది?"

నేను నవ్వాను. "మేం క్రిస్మస్ కేకులో కూడా వైన్ పొయ్యం పోశన్నా!"

అతను నవ్వలేదు. గట్టు మీదున్న మా పాప సీసానే చూస్తున్నాడు.

అందులో ఉన్నది నేను చేసిన బార్లీ మాల్ట్. రెండేళ్ళు నిండినా తెరెసా బరువు పెరగడం లేదని నాకు ఒకటే గాభరా. చదివింది బయోకెమిస్ట్రీ. బార్లీ మొలకెత్తించి, ఎండబెట్టి, పిండి చేశాను. ఎంజైములు చావకూడదని అరవై ఐదు డిగ్రీలు దాటకుండా థర్మామీటర్ పెట్టి కాచాను. చల్లారాక, చక్కెర మంచిది కాదని ఖర్జూరాలు నలిపి కలిపాను. రెండు రోజులు బయటే ఉంచాను. మూత తీస్తే బుస్సుమంది. మంచి బాక్టీరియా పెరుగుతోందని సంతోషించాను కూడా. కోవిడ్ వచ్చిపోయాక నాకు వాసనలు తెలియవు.

పొద్దున ఒక గ్లాసు తాగి, తెరెసా పదకొండింటికే నిద్రపోయింది.

"మీరొక్కసారి రుచి చూసి చెప్పండి," అంటూ సీసా అందించాను. అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

పోశన్నది జగిత్యాల వైపు పల్లె. పదిహేనో ఏట నుంచీ కల్లు కోసం తాటిచెట్లు గీశాడు. ఖతార్ వచ్చాక కార్మికుల క్యాంప్‌లో, కల్లు రుచి పట్టే ఆ నాలుకకే పేరొచ్చింది. గదుల్లో దొంగచాటుగా బీరు పులియబెట్టేవాళ్ళు ముందు అతనికే చుక్క ఇచ్చేవారు. నాలుక మీద వేసుకుని, ఉమ్మేసి తీర్పు చెప్పేవాడట. "గింజ మాడింది." "ఇంక రెండు దినాలాగాలె." "ఇది గాడిద గూడ తాగది."

"ఒకనాడు, దీంట్ల ఏదో కలిసింది, పారబోయుండ్రి అని చెప్పిన," అన్నాడు పోశన్న. "నీ నాలుక ముసల్దైంది మామా అని మా రూంల పిల్లగాడు గజేందర్ తాగిండు. ఎవడో స్పిరిట్ కలిపిండు మేడం. పోలీసులకు భయపడి దవఖానకు తీస్కపోకుండ ఒక దినం దాచినం. గా ఒక్క దినంల గజేందర్ కండ్లు పోయినయ్."

పదకొండేళ్ళుగా ఆ నాలుక మీద చుక్క పడలేదు.

"నాకు వాసన రాదు పోశన్నా. మా ఆయన వెస్లీ రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంట్‌లో డ్యూటీలో ఉన్నాడు. ఇంకెవరిని అడగను?"

అతను సోఫాలో పడుకున్న పాపని చూశాడు. చెంచా తీసుకుని ఒక చుక్క వేసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. సింకులో ఉమ్మేశాడు.

"చెడుదేం కలవలే. గని మాపటి కల్లంత పులిసింది. ఖాయం బీరే. పిల్లకు ఎంత పోసినవ్ బిడ్డా?"

మొలకెత్తిన బార్లీ, అరవై ఐదు డిగ్రీలు, ఆ పైన పులియబెట్టడం. కాలేజీలో బీరు తయారీ పాఠం ఇదే. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఇప్పుడు అక్షరం పొల్లుపోకుండా చేసి నా బిడ్డకు పట్టాను.

తెరెసాని కుదిపాను. కళ్ళు సగం తెరిచి మూసేసింది. ఒళ్ళు చల్లగా, చెమటగా ఉంది.

"ఆసుపత్రిలో దగ్గు సిరప్ ఎక్కువైందని చెబుతాను," అన్నాను. ఇంట్లో మద్యం చేశామంటే కేసు, ఉద్యోగం, దేశం దాటించడం, అన్నీ ఒకేసారి కళ్ళ ముందు తిరిగాయి.

"అబద్ధం చెప్పకు బిడ్డా! సీసా గూడ పట్టుకో. యల్లా, జల్ది నడువ్!"

ఎమర్జెన్సీలో డాక్టరమ్మ అడిగింది, ఏం తాగిందని. పోశన్న నా చేతిలోని సీసా వైపు చూశాడు. సీసా బల్ల మీద పెట్టాను.

"బీరు. నేనే చేశాను. తెలియక చేశాను."

ఆమె పెన్ను ఒక్క క్షణం ఆగింది. వెంటనే పాప వేలు గుచ్చి చూశారు. రక్తంలో చక్కెర నలభై ఒకటి. మద్యం చిన్నపిల్లల్లో చక్కెరని ఇలాగే పడగొడుతుందని చెబుతూనే గ్లూకోజ్ ఎక్కించారు.

అరగంటకు తెరెసా గుక్కపట్టి ఏడ్చింది. బయట వరండాలో పోశన్న ఆ ఏడుపు విని, గోడకానుకుని అలాగే నేల మీద కూలబడ్డాడు.

రిపోర్టులో ఏం రాశారో నేనింకా చదవలేదు. ఎవరొచ్చి అడిగినా ఉన్నదున్నట్టే చెబుతానని వెస్లీకి ఫోన్ చేసి చెప్పాను.