ఎర్ర వ్యాగను అసలు రంగు

అన్నయ్యా, మోకాళ్ళ నొప్పి తగ్గిందా? వదినా, షుగరెంతుంది? పిల్లల దగ్గు పోయిందా? నాకదే బెంగ.

మా ఆయన పోర్టులోని పాత ఇనప ఖనిజం వ్యాగనుకి జానెడు నమూనా చేసి, ఎగ్జిబిషనులో పెట్టడానికి ఎర్ర రంగు కలిపారు.

“వ్యాగను మీది ఎరుపు రంగు కాదండీ, ఖనిజం దుమ్మేమో?” అన్నాను.

“ముప్పయ్యేళ్ళు యార్డులో పని సేసినోణ్ని, నీకేటి తెలుసే?”

“మీ తెల్లసొక్కాలూ రోజూ ఎర్రగానే వొచ్చీవి. ఉతికింది నాను!”

ఈ రోజు ఆయన్ని యార్డు బయట పడేసిన పాత వ్యాగను దగ్గరికి తీసుకెళ్ళాను. ఎరుపే తేలితే పరువు పోతుందని దడ పుట్టినా, తడి కొంగుతో రుద్దాను. లోపల బూడిద రంగు!

ఆయన ఇంటికొచ్చి ఎర్ర రంగు పారబోశారు. మీ ఇళ్ళలోనూ ఇలా నెగ్గినవాళ్ళుంటే రాయండి. బూడిద రంగు వ్యాగను చూడ్డానికి మాత్రం అందరూ పదిహేనో తారీఖు ఆదివారం ఎగ్జిబిషనుకి రావాలి.