కుంటితే ఓడినట్టు

ఏడో నంబరు బస్సులో ఆ కండక్టరమ్మ నోటికి జడవనివాళ్లు లేరు. ఫుట్‌బోర్డు మీద వేలాడే మనిషిని చూస్తే, "ఏమండీ, మీ ఆవిడకి పింఛను ఇప్పించాలని అంత తొందరగా ఉందా? లోపలికి రండి," అనేది. పిల్లాణ్ని ఒళ్లో ఇరికించుకుని వాడికింకా అయిదు నిండలేదని చెప్పే తల్లితో, "అయితే మీసాలే తొందరపడ్డాయి పాపం. వాటికి మాత్రం టిక్కెట్టు తీసుకో," అనేది. బస్సంతా గొల్లుమనేది, మాట పడ్డవాళ్లు తప్ప. ఇప్పుడు అదే బస్సులో స్టాపుల పేర్లు ఓ మిషను చెబుతుంది. ఎవరూ నవ్వరు.

స్నేహితురాళ్లు ఆమెను కెప్టెన్ అని పిలిచేవారు. ఆ పేరు బడిలో వచ్చింది. ఏటా ఆటల పోటీల రోజున పిల్లలంతా మైదానం చుట్టూ కవాతు చేసేవారు. ఆడపిల్లల వరుసలో మేష్టర్లకి తెలియని ఇంకో పోటీ నడిచేది. ఎవరి బూటులోనో ఎవరో ఒక గులకరాయి వేసేవారు. వేసినట్టు చెప్పకూడదు. నడిచే పిల్ల బూటు విప్పకూడదు, మొహం చిట్లించకూడదు. వేదిక ముందు సెల్యూట్ కొట్టేదాకా అడుగు తప్పకూడదు. కుంటితే ఓడినట్టు. ఒక్కొక్కతే మూలుగుతూ బయటపడిపోయేది. చివరికి మిగిలేది ఎప్పుడూ ఆమే. ఒకసారి ఎవతో పదునైన రాయి వేసింది. మేజోడు రక్తంతో తడిసినా ఆమె నవ్వుతూనే సెల్యూట్ కొట్టి, ఆ తర్వాత రాయి తీసి, వేసినదాని అరచేతిలో పెట్టి గుప్పిట మూసింది. "నీదే. జాగ్రత్తగా దాచుకో," అంది.

ఆ రాయి వేసిన పిల్ల పెద్దయ్యాక అదే బడిలో లెక్కల టీచరయింది. వాళ్లిద్దరి వెనకాలే తిరిగి, గెలిచినవాళ్ల పక్కన చేరి చప్పట్లు కొట్టే మూడోది బ్యూటీ పార్లరు పెట్టుకుంది. ముగ్గురూ ఊరు దాటలేదు, ఒకరినొకరు వదల్లేదు. ఒకరి మీద ఒకరికి ఎంత ప్రేమంటే, బయటివాళ్లు అనడానికి ఏ మాటా మిగల్చకుండా వాళ్లే అనేసుకునేవారు.

కాళ్లలో స్పర్శ పోయిన సంగతి కెప్టెన్‌కి ఒక ప్రయాణికుడు చెప్పాడు. సాయంత్రం రద్దీలో పెద్దపెట్టె పట్టుకున్న ఓ భారీ మనిషి సిగ్గుపడుతూ, "క్షమించండమ్మా, ఇందాకటినుంచీ మీ కాలి మీదే నిలబడ్డాను. మీరన్నా చెప్పొద్దా?" అన్నాడు. ఆమె కిందికి చూసింది. నిజమే. అతని బూటు కింద ఆమె పాదం చదునుగా నలిగి ఉంది. చీమ కుట్టినట్టయినా లేదు. అలాంటి మాటకి ఆమె దగ్గర పది జవాబులుండాలి. ఆమె మాత్రం వెనక్కి తిరిగి, అప్పుడే టిక్కెట్టు తీసుకున్న ముసలాయన్నే మళ్లీ టిక్కెట్టు అడిగింది.

డాక్టరు షుగరన్నాడు. ఎన్నాళ్లుగా ఉందో, నరాలు చచ్చిపోయాయన్నాడు.

"ఇక నుంచి ఈ కాళ్లు మీవి అనుకోకండి. పక్కింటివాళ్లు మీకు అప్పజెప్పి వెళ్లిన పిల్లలనుకోండి. దెబ్బ తగిలినా వచ్చి చెప్పవు. మీరే రోజూ వెతికి చూసుకోవాలి. వెడల్పుగా, మెత్తగా ఉండే బూట్లు కొనుక్కోండి. పడుకోబోయే ముందు అద్దం పెట్టుకుని అరికాళ్లు చూసుకోండి."

"మొహం చూసుకోడానికే భయపడి అద్దం తిప్పి పెట్టాను డాక్టరుగారూ. ఇంక అరికాళ్లా?" అంది.

డాక్టరు నవ్వలేదు. పక్కన నిలబడ్డ కూతురూ నవ్వలేదు. ఆ పిల్ల పదో తరగతి, టీచరు క్లాసులోనే. ఇంటికి వస్తూ దారిలో కెప్టెన్ దాని మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"మీ టీచరుకి గానీ, పార్లరు ఆంటీకి గానీ ఈ మాట తెలిసిందో, చంపేస్తాను."

"ఎందుకమ్మా? వాళ్లు నీ ఫ్రెండ్సేగా."

"అందుకే. కుంటి కెప్టెన్ అంటారు. అనకపోతే ఇంకా ఘోరం. అయ్యో పాపం అంటారు."

బూట్లు కొనలేదు. అద్దం దించలేదు.

ఆదివారం మధ్యాహ్నాలు పార్లరు షట్టరు సగం దించేస్తే ఆ గది వాళ్లదే. మూడు కుర్చీలు, ఎదురుగా మూడు అద్దాలు, మూడు తలలకీ నల్లరంగు, పైన ప్లాస్టిక్ టోపీలు. రంగు పట్టేదాకా కదలడానికి లేదు. అద్దంలో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉతికి ఆరేసుకునేవారు.

ఆ ఆదివారం టీచరు కొత్త బూట్లు వేసుకొచ్చింది. గోధుమరంగువి. మూతి వెడల్పుగా, అడుగు ఇంత మందాన, పైన లేసుల బదులు అంటించే పట్టీ.

"ఏంటే అవి?" అంది పార్లరామె.

"బూట్లు."

"బూట్లా! పడవల్ని గుమ్మంలో కట్టేసి రాకుండా లోపలికి తోలుకొచ్చిందేంటా అనుకుంటున్నా," అంది కెప్టెన్.

"నవ్వండి నవ్వండి. రోజంతా బోర్డు దగ్గర నిలబడితే మడమలు నిప్పుల మీద పెట్టినట్టుండేవి. కుంటుకుంటూ ఇంటికి పోయేదాన్ని. ఇవి వచ్చాక కంటినిండా నిద్ర పడుతోంది. ఒక్కసారి కాలు పెట్టి చూడవే. దూది మీద నడిచినట్టుంటుంది."

"దూది కాళ్ల కింద పెట్టరే పిచ్చిమొహమా, ముక్కుల్లో పెడతారు. నీకంత తొందరగా ఉంటే చెప్పు, మోయడానికి నలుగుర్ని చూస్తాం."

పార్లరామె టోపీ జారిపోయేలా నవ్వింది. టీచరు కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా. కుర్చీ పక్కన తను తెచ్చుకున్న సంచీని మడమతో మెల్లగా వెనక్కి తోసింది.

నిజానికి కెప్టెన్ కళ్లు మాటిమాటికీ అద్దంలోంచి ఆ గోధుమరంగు బూట్ల మీదికే పోతున్నాయి. డాక్టరు చెప్పినవి అచ్చం అవే.

"వచ్చే నెల పదో తరగతి వీడ్కోలు సభ," అంది టీచరు మాట మారుస్తూ. "ఈసారి పిల్లలు ఒక్కొక్కరూ తల్లితో కలిసి గేటు నుంచి వేదికదాకా నడిచి రావాలి. హెడ్‌మాస్టరుగారి ఆలోచన."

"ఒకటో తరగతిలో చేర్చిన రోజు నీ కూతురు గేటు పట్టుకుని ఏడ్చింది, గుర్తుందా?" అంది పార్లరామె.

"అది ఏడ్చిందా? ఏడ్చింది నేను. అది గేటు మూసి పట్టుకుని నన్ను లోపలికి రావద్దంది."

"మనం పదో తరగతి అయిపోయిన రోజున, ప్రపంచం మన కోసమే కాచుకుని ఉందనుకున్నామే," అంది టీచరు. "ఎక్కాల్సిన బస్సు ఎప్పుడు పోయిందో కూడా తెలీలేదు."

"మీకు తెలీలేదు. నేనెక్కాగా. ఇంతవరకూ దిగితే ఒట్టు."

ముగ్గురూ నవ్వారు. పార్లరామె లేచి ప్లాస్టిక్ తొట్టి ముందుకు లాగింది. "ఇదిగో కెప్టెన్, ఆ రోజుకి నీ కాళ్లు నేను తయారుచేస్తా. వేడినీళ్లు పోస్తున్నా, మేజోళ్లు విప్పు."

కెప్టెన్ కాళ్లు కుర్చీ కిందికి లాక్కుంది. ఆ నీళ్లు మరిగేవో, గోరువెచ్చనివో ఆమె కాలికి తెలీదు. వీళ్లకి తెలిసిపోతుంది.

"నా కాళ్ల సంగతి తర్వాత. ముందు నీ గడ్డం చూసుకో. ఇవాళ గొరుక్కోవడం మర్చిపోయావా?"

పార్లరామె చేతిలో తొట్టి అలాగే ఉండిపోయింది. గడ్డం మీద మొలిచే వెంట్రుకల గురించి ఆమె ఒకే ఒక్కసారి, ఏడుస్తూ, వాళ్లిద్దరికే చెప్పుకుంది. రెండో చెయ్యి పైకి లేచి గడ్డాన్ని కప్పింది. రంగు కడుక్కుని వెళ్లేదాకా ఆ చెయ్యి అక్కణ్నుంచి దిగలేదు. కాళ్ల మాట మళ్లీ రాలేదు.

వీడ్కోలు సభకి కెప్టెన్ నల్లటి, మొనదేలిన ఎత్తుమడమల బూట్లు కొనుక్కుంది. టీచర్ల గదిలో కిటికీ పక్కన కుర్చీలో కూర్చుంటే పార్లరామె జుట్టు ముడి వేస్తోంది. టీచరు ఆ బూట్లు తీసుకుని బయటికి వెళ్లి, దుమ్ము తుడిచి తెచ్చానని తిరిగొచ్చి, ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"కాలు పెట్టు, నేను తొడుగుతా."

"అబ్బో! ఇంత భక్తి ఎప్పటినుంచే? పడవ మునిగిందా?"

"నువ్వు కెప్టెన్‌వి కదే," అంది టీచరు తల ఎత్తకుండా.

గేటు నుంచి వేదికదాకా మైదానం పొడుగునా నడక. కూతురు చెయ్యి పట్టుకుని, గడ్డం ఎత్తి, నిటారుగా నడిచింది. మిగతా తల్లులు అడుగు చూసుకుంటూ, కొంగు సర్దుకుంటూ వస్తున్నారు. ఈమె ఒక్కతే కవాతులో వచ్చినట్టు వచ్చింది. వేదిక పక్కన స్నేహితురాళ్లిద్దరూ నిలబడి ఆమె మొహం వంక, కాళ్ల వంక మార్చిమార్చి చూస్తున్నారు. బూట్లు చూసి కుళ్లుకుంటున్నారనుకుంది. కావాలని వాళ్ల ముందు ఆగి సెల్యూట్ కొట్టింది. ఫొటోలకి నిలబడింది. పరుగు పందెంలో కూతురికి బహుమతి అని పిలిస్తే, గెంతింది కూడా.

సభ ముగిశాక ఇద్దరూ ఆమెను టీచర్ల గదిలోకి లాక్కెళ్లి తలుపు వేశారు.

"ఒప్పుకున్నాం తల్లీ!" పార్లరామె దండం పెట్టింది. "ఈ వయసులో కూడానా? నువ్వు మనిషివి కావే."

"ఏంటి ఒప్పుకున్నారు?"

"నటించకు," అంది టీచరు. ఆమె మొహంలో ఓడిన బాధ ఉంది. "గేటు దగ్గరే గొల్లుమని ఏడుస్తావనుకున్నా. నలుగురిలో కుంటితే పడవల విలువ తెలుస్తుందనుకున్నా. కనురెప్పయినా కదపలేదు కదే నువ్వు. సరే, విప్పు. నా రాయి నాకిచ్చేయ్."

కెప్టెన్‌కి అప్పుడు అర్థమైంది. గోడవైపు తిరిగి, కుడి బూటు విప్పింది. మేజోడు వేళ్లదాకా ఎర్రగా తడిసి అట్ట కట్టింది. రాయి మేజోటిని చింపుకుని పాదం మెత్తలోకి దిగి కూర్చుంది. వేళ్లతో పెకిలించింది. ఏమీ అనిపించలేదు. అందుకే భయం వేసింది.

ఆ క్షణంలో ఒక్క మాట చెప్పి ఉంటే, ఆ ఇద్దరూ ఆమెను భుజాల మీద ఆసుపత్రికి మోసుకుపోయేవారు. కానీ వెనక పార్లరామె ఇంకా చప్పట్లు కొడుతోంది.

కాలు బూటులోకి తోసేసి వెనక్కి తిరిగింది. రాయిని టీచరు అరచేతిలో పెట్టి గుప్పిట మూసింది.

"నీదే. జాగ్రత్తగా దాచుకో. మొదటి అడుగులోనే తెలిసింది నాకు. మీ మొహాలు చూద్దామని ఊరుకున్నా."

టీచరు గుప్పిట తెరిచింది. "తడిగా ఉందేమే? రక్తం వచ్చిందా?"

"రాకపోతే నీకు తృప్తేముంది?"

ముగ్గురిలో ఆమే ఎక్కువగా నవ్వింది.

ఇంట్లో కూతురు చూసి ఏడ్చింది. డాక్టరు దగ్గరికి పోదామంది. రేపు అంది కెప్టెన్. ఆ రేపు డ్యూటీ, ఎల్లుండి డ్యూటీ. నొప్పి లేనిదాన్ని దెబ్బ అని ఎవరంటారు? గుడ్డ చుట్టి, పైన మేజోడు తొడిగి, బస్సెక్కింది. కూతురు అడిగితే మానిపోయిందనేది.

ఒకరోజు మధ్యాహ్నం బస్సులో జనం ముక్కులు మూసుకున్నారు.

"ఎవరమ్మా సంచిలో చచ్చిన ఎలుకని దాచింది?" అని కేకేసింది. "దానికీ టిక్కెట్టు తీసుకోండి!"

బస్సంతా గొల్లుమంది. ఎలుకని వెతుక్కుంటూ వెనక వరుసదాకా పోయింది. వాసన అక్కడా ఉంది. ముందుకొచ్చింది. వాసనా ముందుకొచ్చింది. కిటికీ పక్కనున్న చిన్నపిల్ల ఒకతి ముక్కు మూసుకుని, ఆమె కాలివైపు వేలు పెట్టి చూపించింది. ఆ మధ్యాహ్నం కెప్టెన్ బస్సు దిగింది. మళ్లీ ఎక్కలేదు.

కుడికాలు మోకాలి కిందనుంచి తీసేశారు.

స్నేహితురాళ్లిద్దరూ ఆసుపత్రికి వచ్చేసరికి ఆమె దిళ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. దుప్పటి ఒకవైపు ఎత్తుగా, ఒకవైపు చదునుగా ఉంది. పార్లరామె గుమ్మం దగ్గరే ఆగిపోయి గోడకేసి చూస్తూ నిలబడింది. టీచరు మంచం పట్టె మీద తల పెట్టి భోరుమంది.

"నా చేతులు పడిపోను. నేనే చంపుకున్నానే నిన్ను. ఒక్క రాయి... ఆటకి వేశానే, ఒట్టు, ఆటకి వేశాను."

కూతురు తల్లివైపు చూసింది. ఆ చూపులో ఏముందో కెప్టెన్‌కి తెలుసు. రాయి కాదు టీచరుగారూ, కాళ్లు ముందే మొద్దుబారాయి, డాక్టరు ముందే చెప్పాడు, మా అమ్మే వినలేదు. ఇంతే మాట. ఆ పిల్ల పెదాలు కదిలాయి కూడా. తల్లి కళ్లెర్రజేసింది. పెదాలు మూసుకున్నాయి.

చెబితే టీచరు గుండె మీద బరువు దిగిపోయేది. కానీ ఆ రోజు మైదానంలో నడిచింది కెప్టెన్ కాదనీ, ఒక చచ్చిన కాలేననీ తేలిపోయేది. కాలు ఎలాగూ పోయింది. పేరునైనా ఉంచుకుంది.

"ఏడ్చి ఏం లాభం?" అంది. "రాయి మంచిదే ఏరావు."

టీచరు కళ్లు తుడుచుకోకుండానే సంచీలోంచి ఒక పెట్టె తీసింది. "ఇవి... ఆ ఆదివారమే నీకూ ఒక జత కొన్నానే. నీ సైజే. కుర్చీ పక్కనే పెట్టుకున్నా. మీరు నవ్వేసరికి ఇవ్వలేకపోయా."

గోధుమరంగు బూట్లు. కెప్టెన్ ఒకదానిలో చెయ్యి పెట్టి చూసింది. నిజంగానే దూదిలా ఉంది.   ఎడమ కాలిది తీసి దిండు పక్కన పెట్టుకుంది. కుడి కాలిది టీచరు చేతుల్లోకి తోసింది.

"ఇది నీ దగ్గరే ఉంచు. నాకు ఒకటి చాలుగా."

టీచరు ఆ ఒంటి బూటుని రెండు చేతులతో పట్టుకుని లేచింది. ఏం చెయ్యాలో తెలియక తలుపువైపు నడిచింది. ఆ రోజు హడావుడిలో పాత చెప్పులు వేసుకొచ్చినట్టుంది, మడమ నొప్పికి అడుగు ఒకపక్కకి ఒరిగింది.

"ఏయ్," అని పిలిచింది కెప్టెన్ మంచం మీదినుంచి.

టీచరు ఆశగా వెనక్కి తిరిగింది.

"కుంటావు. ఓడిపోయావు."